మూత పెట్టిన కలం

మా భజన సమాజం కార్యదర్శి తిరుపతిలో విద్యార్థులకు అంతర్జాతీయ న్యాయం చెప్పేవారు. చేయకూడని పని ఎవరైనా చేయమంటే కలానికి మూత పెట్టేవారు. మనుషుల్ని బానిసలుగా అమ్ముకుందామని రెండు దేశాలు ఇష్టపడి సంతకాలు చేసినా ఆ ఒప్పందం చెల్లదని, ఎవరు ఒప్పుకున్నా దాటరాని చట్టాలు కొన్ని ఉంటాయని ఒకసారి నాతో అన్నారు. దేవుడు చెప్పని, మనుషులు పెట్టుకున్న చట్టం అంత గట్టిగా ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాలేదు.

డెబ్బైల చివర్లో ఒక శనివారం, హరిజనవాడ నుంచి వచ్చి భజనలో తాళాలు వాయించే తాళాలాయన ఇకమీదట మందిరం లోపలికి రాకుండా వరండాలోనే కూర్చోవాలని మా పెద్దలు తీర్మానం పెట్టారు. కార్యదర్శి తప్ప అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

“రాసుకోండి సార్. ఆయప్పే ఒప్పుకున్నాడు గదా,” అన్నాడు అధ్యక్షుడు.

“అవును సామీ, ఆడనే కూసుంటా. నాకేం బాధ లేదు,” అన్నాడు తాళాలాయన నేలచూపులు చూస్తూ.

కార్యదర్శి కలానికి మూత పెట్టారు. “నువ్వు ఒప్పుకున్నా చెల్లదప్పా.”

“ఇంతమంది చెప్తే వినరా? సమాజం మాదా, మీదా?” అన్నాడు అధ్యక్షుడు.

“మీదే. రాసేవాళ్లుంటే రాసుకోండి.”

కార్యదర్శి పక్కనే కూర్చున్న నా ముందుకు తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం, కలం జరిపారు. భక్తులకు పుట్టుక అడ్డు కాదని చిన్నప్పటి నుంచి గోష్ఠిలో పాడినవాణ్ణి. మూత తీయడానికి నాకు చేయి రాలేదు. రాస్తామని ఇంకెవరూ ఆ పుస్తకం అడగలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. ఆ శనివారం పుటలో హాజరు పట్టీ తప్ప ఏమీ లేదు. తాళాలాయన పేరు నా పేరు కిందే ఉంది.