పురిటికి బయలుదేరిన వ్యాను

ఈ ఉదయం కాఫీ తాగుతుంటే మావారు ఫోను నా ముందుకు జరిపి, "ఇది చూడు, పెద్దగా తిరగలేదట" అన్నారు. తెరమీద తెల్లటి క్యాంపర్‌వ్యాను. లోపల మడత పడకలు, బుల్లి గ్యాస్ పొయ్యి, కిటికీలకు పువ్వుల కర్టెన్లు. నేను ఫోను వెనక్కి జరిపి, ఇడ్లీపిండి పొంగిందేమో చూడాలని లేచాను. పిండి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేశానని ఆయనకూ తెలుసు. అందుకే ఫోను జేబులో పెట్టేసుకున్నారు. మా ఇంట్లో కొన్ని సంగతులు ఒక్క మాటతో మొదలై అక్కడే ఆగిపోతాయి. క్యాంపర్‌వ్యాను వాటిలో మొదటిది.

మావారు ఇక్కడ కెనడాలోనే, ఒషావా కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా తలుపుల విభాగంలోనే గడిచింది. తలుపు వేస్తే వచ్చే చప్పుడు విని, రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చెప్పగలరు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా ఆయన చెప్పిన పద్ధతిలోనే వేయాలి. ఇంజనుతో ఆయనకు పరిచయం నాకున్నంతే, అంటే అది ముందు భాగంలో ఉంటుందని తెలుసు. అయినా కార్ల మనిషి అనే పేరు ఉంది కాబట్టి గుడిలోనూ పార్టీల్లోనూ ఎవరి బండి మూలిగినా ఆయన్నే పిలుస్తారు. ఆయన బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, గంభీరంగా చూసి, "ఒకసారి గ్యారేజ్‌లో చూపించండి" అంటారు. అందరూ తృప్తిపడతారు. రిటైరైన ఏడాది ఆయన సెకండ్‌హ్యాండ్ వ్యాను ఒకటి కొనుక్కొచ్చారు. తలుపులు చక్కగా పడుతున్నాయని చెప్పారు. నిజమే, ఆ వ్యానుకు చివరిదాకా తలుపులు మాత్రం చక్కగానే పడ్డాయి.

అదే వేసవిలో మా అమ్మాయికి నెలలు నిండాయి. అల్లుడికి న్యూఫౌండ్‌లాండ్‌లో యూనివర్సిటీ ఉద్యోగం. అది ద్వీపం, విమానంలోనో ఓడలోనో వెళ్ళాలి. నేను విమానం టిక్కెట్టు తీసుకుందామన్నాను. ఆయన వ్యానులో వెళ్ళి, దాన్ని ఓడెక్కించి తీసుకెళ్దామన్నారు. డేట్ ఇంకా రెండు వారాలుంది, దారంతా చూసుకుంటూ వెళ్ళొచ్చు, పురిటి సామాను ఎంతైనా పట్టుకెళ్ళొచ్చు. చివరి మాట దగ్గర నేను మెత్తబడ్డాను. కాయం ఉండ, శొంఠిపొడి, వెల్లుల్లి కారం, నువ్వుల ఉండలు, పాత చీరలు కత్తిరించి కుట్టిన పొత్తిళ్ళు, ఇవన్నీ విమానంలో ఎలా పట్టుకెళ్తాం అని నాకూ అనిపించింది. మాతో పాటు స్కార్‌బరో నుంచి మావారి అక్కగారు కూడా బయలుదేరారు. ఆవిడ రిటైరైన డాక్టరు, కాన్పుల డాక్టరు. "మొదటి కాన్పు ఎప్పుడూ లేటేనమ్మా. నీకెందుకు కంగారు" అని క్యుబెక్‌లో ఒకసారి, న్యూ బ్రన్స్‌విక్‌లో ఒకసారి నాకు ధైర్యం చెప్పారు. తమ్ముడికి కార్లు తెలుసు, అక్కకు కాన్పులు తెలుసు. మధ్యలో నేను స్కూలు ఆఫీసులో ఫోన్లు ఎత్తిన మనిషిని.

నోవా స్కోషియా అంటేనే కొత్త స్కాట్లండ్ అని అర్థమట. దాని చివర, ఓడరేవు ఉన్న కేప్ బ్రెటన్ చేరేసరికి అది నిజమే అనిపించింది. పచ్చటి కొండలు, కొండల మీద మేఘాలు, కింద సముద్రం, ఊరి బోర్డుల మీద ఇంగ్లీషు కింద స్కాట్లండ్ భాష గేలిక్‌లో నోరు తిరగని పేర్లు. ఓడ మర్నాడు సాయంత్రం. రేవుకు తిన్నగా వెళ్ళి కూర్చుందామని నేను, ఒక రోజు చేతిలో ఉంది కదా, కొండ చుట్టూ తిరిగి వెళ్దామని ఆయన. "ఇంత దూరం వచ్చి ఇది చూడకుండా పోతామా" అన్నారు వదినగారు. ఓట్లు లెక్కపెట్టే అవసరం లేకపోయింది.

సగం కొండ ఎక్కాక వ్యాను దగ్గింది. తర్వాత బానెట్ అంచుల నుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది. ఆయన పక్కకు తీసి ఆపారు. బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఈసారి గ్యారేజ్‌లో చూపించండి అని చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఫోనుకు సిగ్నల్ లేదు. పొగమంచు మెల్లగా కిందికి దిగి, చూద్దామని వచ్చిన సముద్రాన్ని ముందుగా కప్పేసింది. "చల్లారితే స్టార్ట్ అవుతుంది" అన్నారాయన. చల్లారింది. స్టార్ట్ అయింది. రెండు మలుపులు తిరిగి మళ్ళీ ఆగింది. ఇలా మూడుసార్లు. ఒక్క సీసా తప్ప తాగడానికి తెచ్చిన నీళ్ళన్నీ రేడియేటర్ తాగింది. వదినగారు వెనకాల పొయ్యి వెలిగించి ఉప్మా చేశారు. కొండ మీద ఉప్మా ఎంత రుచిగా ఉందో ఆవిడ చెబుతుంటే నేను ఏదైనా కారు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తున్నాను.

"వచ్చే కారు ఆపి టో ట్రక్‌కి చెప్పమందామండీ" అన్నాను.

"ఒక్క పది నిమిషాలాగు. ఎక్కడో చిన్న లీకు, అంతే."

ఆ పది నిమిషాలు మధ్యాహ్నం దాకా సాగాయి. చివరికి నేనే రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యెత్తి ఒక కారు ఆపాను. వాళ్ళు కింద ఊళ్ళో చెప్పగా, ట్రక్ వచ్చి మా వ్యానును ముక్కు పట్టుకుని లాక్కెళ్ళింది. ఊరంటే ఒక రేవు, ఒక చర్చి, ఒక గ్యారేజ్. గ్యారేజ్ ఆయన వాటర్ పంప్ పోయిందని, హాలిఫాక్స్ నుంచి తెప్పించాలని, పొద్దున్నకు వస్తుందని చెప్పాడు. ఆయన చెబుతుండగానే నా ఫోనుకు సిగ్నల్ వచ్చి, ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. అన్నీ అల్లుడి మెసేజ్‌లే. మా అమ్మాయికి ఉమ్మనీరు పోయింది. హాస్పిటల్‌లో చేర్చారు.

నేను ఫోను వదినగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. మొదటి కాన్పు గురించి ఇంకేమీ అనలేదు. మావారు మాత్రం, "పొద్దున్నే పంప్ వస్తుంది, సాయంత్రం ఓడ ఎలాగూ ఉంది, ఈ మంచులో ఏ ఫ్లైటూ ఎగరదు" అన్నారు. ఫ్లైట్లు నిజంగానే ఎగరడం లేదు. ఆయన మాట తప్పు అయితే తిట్టి మనసు తేలిక చేసుకునేదాన్ని. మాట సరైనదే కావడం వల్ల మరీ ఒళ్ళు మండింది. అల్లుడు అమ్మాయికి ఫోనిస్తే, అది నొప్పుల మధ్య, "అమ్మా, వేర్ ఆర్ యు గైజ్?" అంది. కొండ కింద, పురిటి సామాను మీద కూర్చుని ఉన్నానని ఎలా చెప్పను? వస్తున్నాం తల్లీ అన్నాను.

పొద్దున్న పంప్ వచ్చింది. గ్యారేజ్ ఆయన పెట్టె విప్పి, తిప్పి చూసి, తల గోక్కున్నాడు. అది మా వ్యాను పంప్ కాదు, దాని తర్వాత వచ్చిన మోడల్‌ది. సరైనది రావాలంటే మరో రోజు. ఆ గ్యారేజ్‌కి తన పికప్ బండి కోసం వచ్చిన ఒక ముసలావిడ, మా ఓడ బయలుదేరే నార్త్ సిడ్నీ వైపే వెళ్తున్నానని ఎవరితోనో అనడం నా చెవిన పడింది. వెళ్ళి, నన్ను ఓడరేవు దగ్గర దింపుతారా అని అడిగాను. కూతురి కాన్పు అన్నాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా ముందు సీట్లో కుక్కను వెనక్కి పంపేసింది.

"ఒక్క రోజే కదా, అందరం కలిసి వెళ్దాం" అన్నారు మావారు.

"మీరు రండి. నేను వెళ్తున్నాను."

పెళ్ళైనప్పటి నుంచి ఏ ప్రయాణంలోనూ ఆయన్ని వదిలి నేను ముందు వెళ్ళలేదు. ఆయన ఇంకేదో అనబోయేలోగా వదినగారు వ్యాను వెనకాల తలుపు తీసి, కాయం ఉండ ఉన్న సంచీ, పొత్తిళ్ళ మూట తెచ్చి పికప్‌లో పెట్టారు. నా చేతిలో ఉప్మా డబ్బా కూడా పెట్టి, "వాడిని నేను చూసుకుంటాను. నువ్వు బయలుదేరు" అన్నారు.

రేవు ఇంకా చాలా దూరం ఉండగానే ఫోను మోగింది. అల్లుడు. గాలి, ఇంజను, కుక్క, ఏమీ వినబడటం లేదు. ముసలావిడ నా ముఖం చూసి, బండి పక్కకు తీసి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది. అప్పుడు వినబడింది ఏడుపు. సన్నగా, కోపంగా, ఇప్పుడే నిద్రలేపిన మనిషి ఏడ్చినట్టు. "ఆడపిల్లండీ అత్తయ్యా, ఇద్దరూ బాగున్నారు" అంటున్నాడు. నేను ఫోను చెవికి అదుముకుని కూర్చున్నాను. నేను పట్టుకోవలసిన చెయ్యి ఆ గదిలో ఉంది. నేను ఎవరిదో పికప్‌లో, కుక్క వెంట్రుకల మధ్య ఉన్నాను. ముసలావిడ అద్దంలోంచి బయటికి చూస్తూ, నేను ముక్కు తుడుచుకునే దాకా ఆగి, మళ్ళీ బండి తీసింది.

మర్నాడు ఓడ దిగాక అల్లుడు వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. మా అమ్మాయి వాడిపోయి, పెదాలు ఎండి, పిల్లను గుండెల మీద వేసుకుని ఉంది. "ఇట్స్ ఓకే అమ్మా, యు మేడ్ ఇట్" అంది. నా మీద కోపంగా ఉన్నా బాగుండేది. నన్ను ఓదార్చే ఓపిక దానికి ఎక్కడ మిగిలిందో. తల నిమిరితే కళ్ళు మూసుకుని, "వాజ్ సో స్కేర్డ్" అని, అంతలోనే నిద్రపోయింది. అక్కడే నిలబడి చేతుల్లోకి తీసుకున్న పిల్లకి అప్పటికే ఒక రోజు వయసు.

తర్వాతి ఓడలో వ్యాను వచ్చేసరికి అమ్మాయిని ఇంటికి తెచ్చేశాం. మావారు గడ్డం మాసి, లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, మనవరాలిని అందుకున్నారు. పొత్తిళ్ళు సర్ది, పిల్ల ముఖం చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "పంప్ మార్చారు. ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నారు. వదినగారు ఆయన భుజం మీద ఒక్కటేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి, పురిటి పథ్యానికి అన్నం పెట్టాను.

ఆ వ్యానును ఇంటికొచ్చిన వారంలోనే అమ్మేశాం. పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. దాని మొదటి అడుగు చూశాను, మొదటి మాట విన్నాను. ఏ పండక్కీ పుట్టినరోజుకీ ఆలస్యంగా వెళ్ళలేదు. ఆ కొండ మీద పోయిన రోజు తర్వాత కాలం నాకు ఎన్నో రోజులు ఇచ్చింది. ఆ రోజుకు బదులుగా మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.