సున్నాల అంచు

శ్రావణం వచ్చిందంటే బీరువాలోని పట్టుచీరలన్నీ తీసి, వరండాలో తాడు కట్టి, నీడపట్టున ఆరేయడం నాకు ఇప్పటికీ అలవాటు. కలరా ఉండల ఘాటు, పాత జరీకి ఉండే ఇనుప వాసన, ఏనాటి పెళ్లిలోనో అంటుకుని వదలని మల్లెపూల వాసన, అన్నీ కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగులుతాయి. ఆ చీరల్లో వంకాయ రంగుది ఒకటుంది. దాని అంచు పొడుగునా జరీ మెట్లు ఎక్కుతాయి, దిగుతాయి, ఎక్కే వరసకూ దిగే వరసకూ నడుమ ఒక ఎర్రటి సున్నా కూర్చుని ఉంటుంది. చూసినవాళ్లు కుంకుమబొట్లా అని కొందరు, రుద్రాక్షలా అని కొందరు అడుగుతారు. రెండూ కావు. అవి తొమ్మిదో తరగతిలో నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు.

అరవైల్లో ధర్మవరంలో మా వీధి వీధంతా పట్టుచీరలు నేసేవాళ్లే. కోడికూతతో పాటే మగ్గాలు మొదలయ్యేవి. ఏ ఇంటి మగ్గం మోగలేదో చెవి పెట్టి విని, ఆ ఇంట్లో జ్వరమో, చుట్టాలో, మొగుడూపెళ్లాల పోట్లాటో ఆడవాళ్లు నీళ్ల దగ్గరే తేల్చేసేవాళ్లు. పట్టు ఉడకబెట్టే సబ్బునీళ్ల వాసన, రంగులు కాచే పొయ్యిల పొగ, మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు కాలే కమ్మదనం, కాలం వస్తే ముదిగుబ్బ బస్సు దిగే చుట్టాలు మూటగట్టి తెచ్చే పచ్చి చెనక్కాయల మట్టివాసన, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని మా ఇంట్లో గాలికే ఒక బరువు ఉండేది. వానాకాలం తేమకు పోగులు అంటుకుని తెగుతుంటే, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నాయన ఆ పొద్దంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే వానదేవుడితోనే, అదీ తిట్లే. ఉగాదికి ఓళిగలు చేసిన రోజు ఒక్కటే ఆయన నోటి నుంచి పొగడ్త వినేవాళ్లం, అదీ ఓళిగలకే గాని చేసిన అమ్మకు కాదు.

మాది గడుల లోకం. వీధిలో మేము తొక్కుడుబిళ్లకు గీసుకున్నవి గడులు, అరుగు మీద అవ్వ బారాకట్టకు చెక్కించుకున్నవి గడులు, ఇంట్లో నాయన డిజైను కాగితాల మీద ఉన్నవీ గడులే. ఆ కాగితం మీద గడి ఒకటంటే పోగు ఒకటి. నింపిన గడి దగ్గర జరీ పైకి తేలుతుంది, వదిలేసిన గడి దగ్గర అడుగుకు పోతుంది. హంస అయినా, మామిడిపిందె అయినా, గుడిగోపురం అయినా గడుల్లోకి దిగాకే మా ఇంట్లోకి వచ్చేది. నాయన రెండో తరగతి దాకానే చదివాడు, కానీ గడులు చదవడంలో ఆయనకు తిరుగులేదు. నాకు అ ఆలు రాకముందే గడి గీత దాటకుండా సిరా నింపడం వచ్చింది. చీరలో నిజంగా వాలుగా పోయే గీత ఉండదు. మెట్లే ఉంటాయి, దూరం నుంచి చూస్తే అవే గీతలవుతాయి.

అవ్వ, అంటే నాయనకు అమ్మ, ఇంటికి పెద్దదిక్కు. ఎడమ దవడన వక్కాకు, కుడి చేత రాట్నం, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలకు పట్టు చుట్టడం ఆమె పని. చూపు మందగించేకొద్దీ ఆ పని నాకు అప్పజెప్పాలని ఆమె పట్టు. నేను చదువుకోవడం మీద ఆమెకు కోపమేమీ లేదు, కండెలు చుట్టాల్సిన మనిషి బడికి పోవడం మీదే కోపం.

“కండెలు సుట్టేదానికి ఎక్సులు, వైలు కావల్లా?” అని ఒకరోజు నిలదీసింది.

అమ్మకూ కూతురికీ నడుమ ఇరుక్కున్న నాయన మగ్గం గుంతలోంచే తీర్పు చెప్పాడు. “ఆరునెల్ల పరీచ్చలో లెక్కలు పాసయితే పదికి పోనీమ్మా. ల్యాకుంటే నీ ఇష్టం.”

బడి మానడమంటే నాకు ప్రాణం పోయినంత భయం. మా వీధిలో బడి మానిన పిల్లలు ఎక్కడికీ పోలేదు, అరుగుల మీదే ఉన్నారు. నేను పుస్తకాలు పట్టుకుని పోతుంటే, నిన్నమొన్నటి దాకా నాతో అచ్చనగండ్లు ఆడినవాళ్లు తలెత్తకుండా రాట్నం తిప్పేవాళ్లు. వాళ్ల పక్కన నాకోసం చోటు ఖాళీగా ఉన్నట్టే కనిపించేది.

మా లెక్కల సారు పేరు నంజుండప్ప. పుట్టింది హిందూపురం, కాపురం పెనుకొండ, ఉద్యోగం ధర్మవరం. రోజూ పొద్దున పెనుకొండలో రైలెక్కి, తెల్లచొక్కా మీద బొగ్గునుసితో మా ముందు నిలబడేవారు. సగం తెలుగు, సగం కన్నడం, కోపమొస్తే మొత్తం కన్నడం. ఆ ఏడు దసరాకు ముందు ఆయన గ్రాఫు కాగితం పైకెత్తి చూపించగానే నా గుండె కుదుటపడింది. ఇన్నాళ్లకు నాకు తెలిసిన వస్తువు ఒకటి బడిలోకి వచ్చింది. అడ్డంగా ఎక్స్ అక్షం, నిలువుగా వై అక్షం గీసి, ‘వై ఈక్వల్ టు టూ ఎక్స్ ప్లస్ వన్’ అని బోర్డు మీద రాసి, దాని గీత ఇంట్లో గీసుకు రమ్మన్నారు.

ఎంత శ్రద్ధగా చేశానో ఆ పని! ఎక్స్ సున్నా అయితే వై ఒకటి, ఆ గడి నింపాను. ఎక్స్ ఒకటైతే వై మూడు, అదీ నింపాను. రెండైతే అయిదు. తీరా చూస్తే గడికీ గడికీ నడుమ ఖాళీలు. మా ఇంట్లో ఇలాంటి గీతను నేస్తే పోగు తెగిందంటారు. అందుకని ఆ ఖాళీల్లో ఇంకో గడి చొప్పున నింపి అతుకు కలిపాను. ఒకవైపే ఎక్కి ఆగిపోతే అర్ధాంతరంగా ఉందనిపించి, రెండోవైపు దిగే మెట్లు కూడా వేశాను. పూర్తయ్యాక చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

మర్నాడు సారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

“ఏమ్మా, గీత గీయమంటే మెట్లు కట్టుకొచ్చినావు. ఇవి ఎక్కి యాడికి పోవల్ల?”

సారు నింపిన గడి ఒకదాని మీద వేలు పెట్టారు.

“ఈ నడుమ గడులు సమీకరణంలో ల్యావే. యాడ నుంచి వచ్చినాయి?”

“అందానికి, సార్.”

“సమీకరణం ఒకటి, గీతలు రెండా?”

“ఒకపక్క ఎక్కితే ఇంగోపక్క దిగల్ల గదా సార్. ల్యాకుంటే అంచు నిలబడదు.”

క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. సారు కన్నడంలో ఏదో అనుకుని, ఎర్రసిరా కలం తీసి, ఎక్కే మెట్లకూ దిగే మెట్లకూ సరిగ్గా నడుమ ఒక సున్నా వేశారు. కోపంలో కూడా ఆయన చెయ్యి వణకదు. అంత గుండ్రటి సున్నా నేను అంతవరకు చూడలేదు.

ఆ కాగితాన్ని కండెల బుట్ట అడుగున దాచాను. నాయన బుట్ట ఎత్తనే ఎత్తాడు. కాగితం వెలుతురుకు పట్టుకుని, దూరంగా పెట్టి, దగ్గరికి తెచ్చి చూశాడు.

“ఎవురేసినారు పాపా ఇది?”

“నేనే నాయనా.”

“ఈ ఎర్రది?”

“మా సారు.”

“మీ సారుకు సెయ్యి శానా బాగుండాది. గుళ్లో దేవున్ని పెట్టినట్ల సరిగ్గా నడుమ పెట్టినాడు సూడు.”

మా డిజైను కాగితాల్లో ఏ రంగు సిరా వేస్తే ఆ రంగు పట్టు అని అర్థం. నాయన అలాగే చదువుకున్నాడు. అది సున్నా అని, సున్నా అంటే నాకేమీ రాలేదని చెప్పాలంటే, అవతల అరుగు మీద అవ్వ చెవి ఇటే పడేసి కూర్చుని ఉంది. చెబితే రేపటి నుంచి బడి లేదు. నేను నోరు మూసుకున్నాను, నాయన మగ్గం సరిచేసుకున్నాడు.

ఆ తర్వాత నేను పడ్డ అవస్థ పగవాళ్లకు వద్దు. బడి నుంచి వచ్చేసరికి మగ్గం మీద ఇంకో రెండు సున్నాలు పెరిగి ఉండేవి. ఒక సున్నా తెచ్చుకున్న పాపానికి ఆరు గజాల సున్నాలు నా కళ్లెదుటే బారులు తీరుతున్నాయి. పైగా వాటి కోసం ఎర్రపట్టు కండెలు చుట్టింది నేనే. మొదటి చీర దిగగానే వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. వాళ్ల నోళ్లలో పడి అది ‘సున్నాల అంచు’ అయింది. ఎవరికీ అసలు సంగతి తెలియకపోయినా పేరు మాత్రం సరిగ్గా పెట్టారు. షావుకారు ఇంకా కావాలన్నాడు. మా అంచును గొప్పగా చెప్పుకుంటూ అవ్వ అరుగు మీద వక్కాకు పంచింది.

దీపావళి ముందు ఒక సాయంత్రం నంజుండప్ప సారు మా ఇంటికే వచ్చారు. చెల్లెలి పెళ్లికి చీర కావాలట, బజారులో అందరూ సున్నాల అంచు అంటుంటే అది ఎవరింట్లోదో కనుక్కుని నేరుగా వచ్చారట. మా లెక్కల సారని నాయనతో చెప్పి నేను స్తంభం చాటుకు పోయాను. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. సారు అంచు వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్లీ అంచు వైపు చూశారు.

“ఆ ఎర్రది మీరేసిందే సార్,” అన్నాడు నాయన సంబరంగా. “సెయ్యంటే సెయ్యి మీది!”

అవ్వ సారుకు మజ్జిగ ఇచ్చి, అడగనే అడిగింది. “లెక్కల్లో మా పాప ఎట్ల ఉండాది సామీ?”

సారు అబద్ధం చెప్పే మనిషి కాదు. అంచు మీది సున్నాకు వేలు పెట్టి, “ఇట్ల ఉండాది అవ్వా,” అన్నారు.

మగ్గం ఆగిపోయింది. అవ్వకు కాసేపటికి అర్థమైంది. “అంటే ఏమీ రాల్యా? ఇంగ సాలు బడి. రేపటినుంచి రాట్నం కాడ కూచో.”

అప్పుడు నాయన, జన్మలో అమ్మకు ఎదురు చెప్పని నాయన, నాడె పక్కన పెట్టాడు. “పరీచ్చ దాకా అని మాటిచ్చినామ్మా. పరీచ్చ ఇంగా కాల్యా.” తర్వాత సారు వైపు తిరిగి, గోడకున్న డిజైను కాగితం చూపించాడు. “మా ఇంట్లో గీతంటే ఇట్లే ఉంటాది సార్. పాప సూసిందే ఏసింది.”

సారు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డారు. నిలబడి నిలబడి, ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. “నేనేసిన సున్నాకు నేనే దుడ్లిచ్చి కొనుక్కోవల్ల!” అంటూ ఆ చీరే కావాలని చెప్పి రైలుకు పరుగెత్తారు.

మర్నాడు బడిలో నన్ను పిలిచి గ్రాఫు కాగితం ముందు పెట్టారు. “గడిలో కూచోవద్దమ్మా. గీతలు కలిసే మూల ఉండాది సూడు, ఆడ నిలబడు.” ఆ తర్వాత ఆయన రోజూ ఎక్కే రైలునే కాగితం మీదికి ఎక్కించారు. హిందూపురం సున్నా మైలు. అక్కడి నుంచి పెనుకొండకు ఇరవై మైళ్లు అనుకుందాం, రైలు గంటకు ఇరవై మైళ్లు పోతుందనుకుందాం. “నేను పెనుకొండలో ఎక్కుతాను. నా గీత సున్నా కాడ మొదలయితాదా?” కాదు, ఇరవై దగ్గర. ఎక్స్ అంటే గంటలు, వై అంటే హిందూపురం నుంచి మైళ్లు. వై ఈక్వల్ టు ఇరవై ఎక్స్ ప్లస్ ఇరవై. ఎక్స్ పక్కనున్నది వేగం, చివర కూడినది పెనుకొండ! ప్లస్ వన్ ఎందుకు వస్తుందో అప్పుడు తెలిసింది నాకు: మనిషి ఎక్కిన స్టేషను అది. పట్టాల మీద ఆవు నిలబడితే ఏమవుతుంది సార్ అని వెనక బెంచీ అడిగితే, “రైలు నిలబడతాది, గీత పడుకుంటాది” అని అడ్డంగా గీసి చూపించారు. మెట్లు కాదు, పట్టా. ఆ రోజు నుంచి నా గీత వంకర పోలేదు.

ఆరునెలల పరీక్షలో గీత రానే వచ్చింది. బిందువులు మూలల్లో పెట్టి, స్కేలు ఆనించి, ఒక్క గీతే గీశాను. గడులు నింపాలని చెయ్యి ఒకటే దురద. ఇంకోవైపు దిగకుండా ఒంటరిగా ఎక్కిపోతున్న ఆ గీతను చూస్తే నాకు జాలేసింది కూడా. అయినా చెయ్యి కట్టేసుకుని కూర్చున్నాను.

పాసయ్యాను. మార్కుల కాగితం తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె చదవలేదు కాబట్టి అటూ ఇటూ తిప్పింది, వెలుతురుకు పట్టుకుంది, వెనక్కి తిప్పి చూసింది. మొహం చిన్నబోయింది.

“ఈ తూరి సున్నా ఎయ్యల్యా మీ అయ్యవారు?”

“ల్యాదవ్వా. పాసయినా.”

“మల్ల కొత్త అంచు యాడిది?” వక్కాకు ఇటు దవడ నుంచి అటు దవడకు మార్చుకుని, నన్ను కాసేపు చూసి, “సరే పో. పదికి పోయి ఇంగొకటి తీస్కరా,” అంది.

బడికి పంపుతున్నానని అవ్వ చెప్పిన తీరు అదే. నాయన ఆ పడుగులో చివర దిగిన వంకాయ రంగు చీరను మాత్రం షావుకారుకు ఇవ్వకుండా మడిచి నా పెట్టెలో పెట్టాడు.

ఇప్పుడు మా వీధిలో చెవి పెట్టి వినడానికి ఏమీ లేదు. డిజైన్లు కంప్యూటర్లు వేస్తున్నాయి, నాయన కాళ్లు పెట్టుకున్న గుంతను పూడ్చి బండలు పరిచారు, దాని మీద ఎవరిదో మోటారు సైకిలు నిలబడి ఉంది. బొగ్గురైలు లేదు, నంజుండప్ప సారు లేరు, అవ్వ రాట్నం ఏమైందో ఎవరికీ తెలియదు. పెనుకొండలో లెక్కల టీచరుగా చేరి, నేనూ రోజూ రైలెక్కాను, ధర్మవరం నుంచి పెనుకొండ వైపు, సారు గీతకు ఎదురుగా దిగే గీతలా. గ్రాఫులు చెప్పాను, ఎర్రసిరాతో దిద్దాను, సున్నాలు వేయక తప్పని రోజుల్లో వేశాను కూడా. కానీ ఒక్కటి మాత్రం నమ్మకంగా చెప్పగలను. ఏ పిల్ల కాగితం మీద సున్నా వేసినా తొందరపడలేదు, చెయ్యి వణకనివ్వలేదు, గుండ్రంగా, సరిగ్గా నడుమ వేశాను. ఎవరింట్లో నేస్తారో ఎవరికి తెలుసు.