మైక్రోస్కోపులు వద్దన్నంత పని చేశాను!

నేను హామిల్టన్‌లో టీచరుగా చేరిన రెండో ఏడు. క్లాసు మొత్తానికీ ఒకే ఒక్క మైక్రోస్కోపు ఉండేది. కొత్తవాటికి గ్రాంటు అడుగుదామని, టీచర్లకు ఇలాంటి వాటిలో సాయం చేసే మా స్కూళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి హెలెన్ నాతో అప్లికేషన్ మూడుసార్లు తిరగరాయించింది.

"ప్రశాంతీ, నువ్వు 'వీలైతేనే' అని రాసినవన్నీ కొట్టేశాను" అంది నవ్వుతూ. గ్రాంటు ఇచ్చే కమిటీ ముందు ఇంటర్వ్యూకి తోడు కూడా వచ్చింది.

కమిటీ పెద్దాయన "ఈసారి ఇవ్వలేకపోతే ఎలా?" అని అడిగాడు.

చుట్టాలింట్లో కాఫీ వద్దన్నంత తేలిగ్గా, "పర్లేదండీ, సర్దుకుంటాం" అనేశాను.

ఆయన సంతోషంగా ఫైలు మూసేశాడు. నాకు ముచ్చెమటలు పోశాయి. హెలెన్ మాత్రం తొణక్కుండా, "ఎలా సర్దుకుంటారో కూడా చెప్పు" అంది.

"ఒక్కొక్కరికీ అర నిమిషం ఇస్తాం. సరిగ్గా కనబడేలోపే పక్కవాళ్ళ వంతు వస్తుంది. చివర్లో నిలబడ్డ పిల్లలు ఏమీ చూడకముందే బెల్లు మోగుతుంది."

ఆయన మెల్లగా ఫైలు తెరిచాడు. నెల తిరక్కుండా ఆరు మైక్రోస్కోపులు వచ్చాయి.

మొహమాటం మంచి గుణమని మా ఇంట్లో నేర్పారు. నా మొహమాటానికి పిల్లలు నష్టపోకూడదని మాత్రం హెలెన్ నేర్పింది.

– ప్రశాంతి, హామిల్టన్