పిల్ల చెవులు మూసిన చేతులు

డెబ్బైల నాటి సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చోడవరం బస్టాండులో నా పక్కన ఒకామె కూర్చుంది, ఒళ్లో ఆరేళ్ల కూతురు. హారన్ మోగినప్పుడల్లా ఆ పిల్ల ఉలిక్కిపడుతోంది.

"ఆల్ల నాన్న తాగొచ్చి కొడతన్నాడు బాబూ. జడుపు మంత్రం ఏయిద్దామని చీడికాడ ఊరు తీసుకెల్తన్నాను," అందామె.

ఎదుటి బెంచీ మీది పెద్దమనిషి నవ్వాడు. "మంత్రమేటి, నా మొకం! నువ్వూ పిరికిదానివే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు."

నేనప్పుడు జీవశాస్త్రం చదువుతున్నాను. ఉండబట్టలేకపోయాను. "పుట్టుకతో వచ్చేవి జన్యువులండీ. వాటిలో ఏది ఎప్పుడు పనిచెయ్యాలో మెదడు కణాలు తర్వాత కూడా మార్చుకుంటాయి. ఎలుకలకి కొత్త విద్య నేర్పితే వాటి మెదడులో జన్యువుల నుంచి పుట్టే ఆర్.ఎన్.ఏ. మారిందట. రోజూ తన్నులు తినే పిల్లకి ఏటీ మారదా? కొట్టినవాణ్ణి ఒదిలేసి దీని పుట్టుకని అంటారేటి?"

"సదువెక్కువైపోనాది నీకు," అని ఆయన మళ్లీ అదే సామెత ఎత్తుకున్నాడు.

ఆయన నోరు తెరవగానే ఆమె రెండు అరచేతులతో కూతురి చెవులు మూసింది. బస్సు వచ్చేదాకా తియ్యలేదు.

తర్వాత ఏళ్ల తరబడి కాలేజీలో ఆ జన్యువుల పాఠమే చెప్పాను. ఇప్పటికీ ఎవరైనా ఆ సామెత అంటే, నా చేతులు దగ్గర్లో ఉన్న పిల్లల చెవుల కోసం వెతుకుతాయి.