సాయంత్రం విప్పేసే ఉయ్యాల

ఇంట్లో డేకేర్ పెడతానని వదిన అన్న రోజు నేను ఆమె మీద అరిచాను. నేను అందరి మీదా అరుస్తాను, మా ఇంట్లో అదేం లెక్కలోకి రాదు. కానీ ఆ రోజు అరిచింది భయంతో. ఆమె పాప పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

"వేరే పనే దొరకలేదా నీకు? స్టోన్లు అతికించు. ఫాల్ కుట్టు. పొద్దంత పరాయి పిల్లల్ని ఎత్తుకొని కూసుంటవా?"

వదిన బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. "ఇంట్ల పిల్లల చప్పుడు గావాలె నాకు. గంతే."

సూరత్ శివారు సచిన్‌లో మిల్లు డ్యూటీకి బయల్దేరుతున్న అన్న, నోరు ముయ్యమన్నట్టు నా వైపు చూశాడు. నేను ఫోన్లోకి చూశాను.

కోసాడ్‌లో మాది రెండు గదుల ఇల్లు. అమ్మానాన్నలు లింబాయత్ పాతింట్లోనే ఉంటారు, నేను అన్న దగ్గర. చీరల ఫొటోలు తీసి ఫోన్లో గ్రూపులకు పంపి అమ్మడం నా పని. ముందుగదిలో సగం నా చీరల డబ్బాలే. ముందు వాటిని మంచం కిందికి తోశాం.

డబ్బులు తక్కువ ఉన్నాయనడం కూడా గొప్పలు చెప్పుకోవడమే. అందుకని సూరత్ పారేసేవన్నీ ఏరుకొచ్చాం. గుడ్డ తాకాలు, అంటే తానులు, చుట్టే అట్ట గొట్టాలను వరసగా తాడుతో కట్టి వంటగదికి అడ్డం పెట్టాం, పిల్లలు స్టవ్ దగ్గరికి పాకకుండా. దారం అయిపోయిన ప్లాస్టిక్ కోన్లు కడిగి బొమ్మలు చేశాం. కుట్టుమిషన్ల కింద పడే చిందీలు, గుడ్డముక్కలు, సంచుల నిండా తెచ్చి వదిన పరుపులు కుట్టింది. నేను ఫోన్లో డేకేర్ల వీడియోలు పెట్టి చూపించేదాన్ని. అన్నీ లేతరంగు గోడలు, తెల్లటి అలమరలు.

"ఆ ఫోన్ల పిల్లలు గోడలు గీకరా?" అనేది వదిన.

ఒకరోజు నేను గుమ్మం దగ్గర కోన్లు తుడుస్తుంటే పక్కింటామె మెట్ల మీద ఎవరితోనో అంటోంది. "సొంత బిడ్డ నిలువలే. పరాయి బిడ్డలను నిలుపుతదట."

చేతిలో ఉన్న కోన్ విసిరాను. తగల్లేదు. నాకు ఇప్పటికీ బాధ అదొక్కటే. ఆమె అరుపులు, నా అరుపులు, లైన్ మొత్తం తలుపులు తెరుచుకున్నాయి. లోపల వదిన నల్లా ఇంకాస్త ఎక్కువ విప్పిన చప్పుడు వినబడింది.

అయినా ఒకామె వచ్చింది. మార్కెట్లో చీరలు ప్యాకింగ్ చేస్తుంది, మా తెలుగామే. నడక రాని చిన్నపాప. "మా పిల్ల కింద పండదక్కా. తొట్టె ఉంటే సోమవారం నుంచి ఇడిసిపోత" అంది.

ఆ మాటకు నేను వదిన ముఖం చూడలేకపోయాను. మా ఇంట్లో అప్పటికి తొట్టె, ఉయ్యాల అన్న మాటే ఎత్తడం మానేశాం. దానికి కారణం మామ.

మామ అంటే వదిన వాళ్ల నాన్న. కరీంనగర్ దగ్గర ఊళ్లో మగ్గం నేస్తాడు. బిడ్డ పుట్టకముందు ఏదీ సిద్ధం చేసుకోకూడదని మాలో పట్టింపు. అందుకే ఆయన మెత్తటి నూలుతో ఒక చీర నేసి, ఎవరికని అడిగిన వాళ్లకు తన భార్యకని చెప్పాడట. పాప పుట్టిందని నేను ఫోన్ చేయగానే ఆ చీరను సంచిలో పెట్టుకుని రైలెక్కాడు, ఉయ్యాల కట్టడానికి. ఆయన రైల్లో ఉండగానే పాప పోయింది. ఒంటరిగా వస్తున్న మనిషికి ఇప్పుడే చెప్పొద్దన్నాడు అన్న. ఆయనేమో దారి పొడుగునా నాకే వాయిస్ మెసేజీలు.

"బిడ్డా, ఫొటో రాలే. జర మళ్ల పంపు."

"బిడ్డా, ఎవ్వల పోలిక? మా అమ్మ పోలికనా?"

"నందుర్‌బార్ దాటింది బిడ్డా. ఇగ వచ్చినట్టే."

నెట్ లేదు మామా, నెట్ లేదు మామా అని టైపు చేస్తూ కూర్చున్నాను. మాట్లాడితే గొంతు చెప్పేస్తుంది. స్టేషన్లో దిగి నా ముఖం చూశాక ఆయన సంచిని ఛాతీకి గట్టిగా పట్టుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఆ చీర వదిన పెట్టె అడుగుకు పోయింది. ఇరవై ఒకటో రోజు రాలేదు కాబట్టి ఉయ్యాల లేదు, పాపకు పేరూ లేదు.

తర్వాత నేను ఫోన్ మార్చాను. ఆ మెసేజీలు మాత్రం కొత్త ఫోన్లోకి తెచ్చుకున్నాను.

పాత ఉయ్యాల కోసం ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. ఇక్కడి గుజరాతీ ఇళ్లలో ఘోడియూ అంటారు, ఇనుప స్టాండు, మధ్యలో వేలాడే బట్ట, ఊపడానికి తాడు. వదిన ఒక్కటే షరతు పెట్టింది. "పిల్లలు పండి పెద్దగైన తొట్టె గావాలె." అమ్రోలిలో ఒక పెద్దావిడ దగ్గర దొరికింది. కొడుకులు, మనవలు అందరూ అందులోనే పెరిగారట.

"థోడూ ఓఛూ కరో నే, బా" అని ధర తగ్గించమని నేను బతిమాలుతున్నాను. ఆవిడ నన్ను పట్టించుకోకుండా వదిన వైపు తిరిగి, మీ పాప ఎంతదమ్మా అని గుజరాతీలో అడిగింది. వదినకు గుజరాతీ అంతగా రాదు. ఆ ప్రశ్న మాత్రం అర్థమైంది.

"సో రహీ హై, బా" అంది వదిన. నిద్రపోతోంది అని.

నేను ఫోన్ చూస్తున్నట్టు తల దించుకున్నాను. స్క్రీన్ ఆరిపోయి ఉంది. ఆవిడ ధర తగ్గించి, పైన కట్టే చెక్క చిలకలు కూడా ఊరికే ఇచ్చింది. ఆటోలో వదిన ఆ చిలకలను ఒళ్లో పెట్టుకుని, దారంతా వాటి ముక్కులు తుడుస్తూ కూర్చుంది.

ఇక బట్ట కావాలి. సూరత్‌లో చీరలకు కరువా? నా డబ్బాల్లోంచి అన్నిటికంటే మెత్తటిది తీసి రెండు వైపులా ముడులేసి కట్టాను. ఎలా ఉందో చూద్దామని ఊపబోతే వదిన చెయ్యి పట్టుకుంది.

"ఖాళీ తొట్టె ఊపొద్దు పిల్లా."

సరే అని గోధుమపిండి బస్తా పడుకోబెట్టి తాడు లాగాను. పాలిస్టర్ కదా, ముడి నున్నగా జారింది. బస్తా కిందపడి పిగిలింది. నా కాళ్లు, చిలకలు, కొత్త పరుపులు, అంతా తెలుపు.

"మీ అమ్మ మాట లెక్కనే ఉంది నీ ముడి. నిలువదు."

"మా అమ్మనంటే ఊకోను చూడు!"

వదిన నవ్వింది. పిండిలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. తర్వాత ఉయ్యాల కింద పడ్డ పిండిని రెండు చేతులతో దగ్గరికి తీయడం మొదలుపెట్టింది. తీస్తూనే ఉంది. ఎత్తట్లేదు, ఊరికే మెల్లగా దగ్గరికి తీస్తోంది. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"మా బాపు నేసింది జారదు" అంది.

మర్నాడు పొద్దున లేచేసరికి నూలు చీర దండెం మీద ఉంది. కొత్త నూలు గంజితో బిరుసుగా ఉంటుంది, పసిపిల్లల ఒళ్లు ఒరుసుకుపోతుంది. వదిన ఉతికింది. ఎండాక చెంపకు రాసుకుని చూసి మళ్లీ ఉతికింది. రోజూ అదే పని. నాకు మెత్తగానే తగిలింది.

"ఇంకెంత ఉతుకుతవ్? ఆ ప్యాకింగ్ ఆమె అడుగుతుంది, సోమవారం రావాల్నా వద్దా అని!"

"ఇంకా గరుకుగుంది."

"గరుకు లేదు వదినా."

"నీకేం తెల్సు?" అంది. నిజమే, నాకేం తెలుసు.

సోమవారం పొద్దున నేను లేచేసరికి ఉయ్యాల కట్టి ఉంది. ప్యాకింగ్ ఆమె పాపను వదిన చేతికిచ్చి, ఆటో తప్పిపోతుందని పరుగెత్తింది. వదిన నన్ను ఉయ్యాలకు అటువైపు నిలబడమంది. మాలో పిల్లను మొదటిసారి వేసేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు కింది నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి అందుకుంటారు. ఈ పిల్లకు వాళ్లింట్లో ఇవన్నీ ఎప్పుడో అయ్యాయి కదా అని నోటిదాకా వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి చేతులు చాచాను. పాప ఉయ్యాల కింది నుంచి నా చేతుల్లోకి వచ్చింది, వెచ్చగా, పాలవాసనతో. పై నుంచి తిరిగి ఇచ్చాను. వదిన పడుకోబెట్టి, వంగి, దాని చెవిలో ఒక పేరు చెప్పింది.

అది ఆ పాప పేరు కాదు.

నాకు వినబడింది. అన్నకు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం పాప నిద్రపోయినప్పుడు ఫొటో తీశాను. ముఖం కనిపించదు, నూలు బట్టలో చిన్న బరువు మాత్రం కనిపిస్తుంది. మామకు పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. తర్వాత చిన్న వాయిస్.

"మెత్తగైందా బిడ్డా?"

అయింది మామా, అన్నాను. ఈసారి టైపు చేయలేదు.

సాయంత్రం తల్లి వచ్చింది. "ఏడ్చిందా అక్కా?"

"ఎక్కడిది! బంగారం. జర పాలకే సతాయించింది."

ఆమె పాపను భుజానేసుకుని, దాని అసలు పేరుతో ముద్దుచేస్తూ మెట్లు దిగి వెళ్లిపోయింది. వదిన చేతులు పాపను ఎత్తుకున్నట్టు ఇంకా మడిచే ఉన్నాయి. ఫ్యాన్ గాలికి ఉయ్యాల కొద్దిగా కదిలింది. వదిన వెళ్లి రెండు చేతులతో ఆపింది. ఆపి, ముడులు విప్పడం మొదలుపెట్టింది.

"పొద్దుగాల మళ్ల కట్టుడే గదా, ఉండనియ్యి" అన్నాను.

"ఖాళీది ఊగొద్దు."

ఇప్పుడు ఇంకొంతమంది పిల్లలు వస్తున్నారు. గోడలన్నీ గీకేశారు. రోజూ సాయంత్రం చివరి పిల్ల వెళ్లగానే వదిన ఉయ్యాల విప్పుతుంది. ముడులు గట్టివి, చాలాసేపు పడుతుంది. నేను సాయానికి వెళ్లను. చీర మడిచి ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుంటుంది. నేను ఫోన్లో చీరల ఫొటోలు పంపుతూ, ఆమె వైపు చూడకుండా, ఆ గదిలోనే ఉంటాను.