రేప్పొద్దున అంటే

పాలవాడి చీటీ దగ్గర్నుంచి కోర్టు ఛార్జిషీటు దాకా ఏ కాగితం చేతికొచ్చినా నేను ముందు చూసేది తేదీ. ఆ తర్వాత అది ఏ వారమో చూస్తాను. ఉద్యోగం వదిలి తిరువూరు వచ్చేశాక కూడా ఈ అలవాటు పోలేదు. "నీతో మాట్లాడాలంటే బోనెక్కినట్టే ఉంటదే అక్కా" అని మా చెల్లెలు దెప్పుతుంది. కేంద్రం వాళ్ళు పెట్టిన కేసులు నడిపే ప్రాసిక్యూటరుగా బతికినదాన్ని, నాకు ఆ మాటలో తప్పేమీ కనపడదు.

కేంద్రం కేసులనగానే జనం మంత్రుల్నీ కోట్లనూ ఊహించుకుంటారు. నా చేతిమీదుగా పోయినవాళ్ళలో ఎక్కువమంది గుమాస్తాలు, బ్యాంకు మేనేజర్లు, దొంగ కాగితాలతో అప్పు తీసుకున్న మిల్లు యజమానులు. ఏడ్చేవాళ్ళను నేను నమ్మేదాన్ని కాదు. అస్సలు ఏడవనివాళ్ళను ఇంకా తక్కువ నమ్మేదాన్ని. మనవైపు సాక్షి తడుముకోకుండా గడగడా చెప్పాడంటే, వీడికి ఎవరు నేర్పారా అని చూసేదాన్ని.

చివరి ఏళ్ళలో మా వైపు కేసు ఒకటి వచ్చింది. తిరువూరులో ఒక బ్యాంకు ఫీల్డాఫీసరు మీద లంచం కేసు. ఆవిడకు నలభై లోపు వయసుంటుంది. పెనుగొలను రైతు ఒకాయన మామిడితోట మీద లోను కోసం తిరుగుతుంటే డబ్బడిగిందని ఫిర్యాదు. ఆయన ఫోనులో ఆవిడ మాట రికార్డు చేశాడు. దర్యాప్తు అధికారులు నోట్లకు పౌడరు పూసి ఇచ్చి పంపారు. ఆయన పొలం కాగితాలున్న కవరు ఇచ్చాడు, ఆవిడ తీసుకుంది, నోట్లు ఆ కవరులోనే దొరికాయి. కవరుకూ ఆ పౌడరు అంటి ఉండటంతో, ఆవిడ వేళ్ళు కడిగిన సోడా నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి.

కవరులో డబ్బున్నట్టు తెలియదని ఆవిడ వాదన. ఆ మాట ప్రతి ముద్దాయీ అంటాడు. అయితే ఇలాంటి కేసులో డబ్బు దొరికితే చాలదు, అడిగినట్టు రుజువు కావాలి. మా దగ్గరున్న రుజువంతా ఫోనులోని ఒక్క వాక్యం. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఫైల్లో పెట్టారు. "ఇప్పుడు వద్దు, రేపు ఉదయం మీరు ఆ సంగతి చూడరా" అని దాని సారాంశం. దర్యాప్తు చేసిన అధికారి ఉత్తరాది మనిషి. డబ్బు రేపు తెమ్మందని అర్థం చేసుకుని ఆ వాక్యం కింద ఎర్రగీత గీశాడు.

నేను వారం చూశాను. ఆ మాట అన్నది మూడో శనివారం, బ్యాంకు పనిచేసే శనివారం. అలాంటప్పుడు రేపు ఉదయమంటే ఆదివారం. మూసి ఉన్న బ్యాంకుకు ఆవిడ ఎవర్ని రమ్మన్నట్టు? పట్టుకున్నది సోమవారం. అధికారిని అడిగితే, నోటికొచ్చినట్టు అని ఉంటుంది, మనుషులకు అన్నిసార్లూ వారాలు గుర్తుంటాయా అన్నాడు. నాకుంటాయి. రికార్డింగు తెప్పించుకుని విన్నాను.

"అయ్యో, ఇప్పుడేం వద్దండి. రేప్పొద్దున మీరు చూసుకోరా ఏంటి."

మా వైపు రేప్పొద్దున అంటే మర్నాటి ఉదయం కావచ్చు, ఇరవై ఏళ్ళ తర్వాతి సంగతీ కావచ్చు. ఉయ్యాల్లో పిల్లను చూసి రేప్పొద్దున దీని పెళ్ళికి అంటాం. ఎవరైనా చేతిలో ఏదో పెట్టబోతే మొహం మీద కాదనలేక ఈ మాటే అని పంపేస్తాం. అంతమాత్రాన నాకు అనుమానం పోలేదు. లంచం తినేవాళ్ళూ అచ్చం ఇదే మాట వాడతారు, నవ్వుతూ. మా ఊరి యాస కాబట్టి నా చెవికి మంచిగా వినిపించిందేమోనని నన్ను నేనూ అనుమానించుకున్నాను. ఆఫీసులో ఒకాయన ఆ ముక్క నా ముందే అన్నాడు కూడా: "మీ ఊరమ్మాయి కదా మేడం, అర్థాలు మారుతుంటాయి లెండి."

ఇటు నేనూ అటు అధికారీ ఏమనుకున్నా, ఆ మాట విన్నది రైతు. ఆయనా మా వైపువాడే. మరి ఆయనకు ఎలా అర్థమైంది? అది తేలితే ఆవిడ జైలుకు పోవాలో వద్దో తేలుతుంది.

సాక్ష్యం రోజున విజయవాడ కోర్టు వరండాలో ఆయన్ను కూర్చోబెట్టి, కేసు ఊసెత్తకుండా తోట గురించి అడిగాను. పూత బాగానే ఉందన్నాడు. కొడుక్కి వ్యవసాయం పట్టదని, అంతా తనే చూసుకుంటున్నానని చెప్పాడు.

"మీ తర్వాత ఎవరు చూస్తారు?"

"మనవరాలుంది కదమ్మా. రేప్పొద్దున అదే చూసుకుద్ది."

"ఎన్నేళ్ళు పాపకి?"

"మూడో ఏడు నడుస్తంది."

"ఇవాళ మూడేళ్ళ పిల్ల రేపు పొద్దుటికి తోట చూసుకునేంతదవుద్దా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి, ఆవిడ లోను ఆపిందని తనకు మండిపోయిందని చెప్పాడు. "ఆఫీసరు సార్లు అడిగారమ్మా, రేప్పొద్దునంటే రేపు పొద్దునే కదా అని. అవునన్నాను. అబద్ధం కాదు కదా."

రైతు బోనులో నిలబడ్డాక, అధికారి రాసిచ్చిన ప్రశ్న నేను పక్కనపెట్టి, ఆవిడ మాటకు మీకేం అర్థమైందని అడిగాను. ముద్దాయి తరఫు వకీలు అభ్యంతరం చెప్పడానికి లేచి, ఏమని చెప్పాలో తోచక కూర్చున్నాడు. వెనక బెంచీలో ఉన్న అధికారి వైపు రైతు చూశాడు, తర్వాత నా వైపు.

"ఎప్పుడన్నా అవసరపడితే అని అండి. వద్దనడానికి అంటాం కదండీ."

జడ్జిగారు ఆ మాటను ఇంగ్లీషులో ఎలా రాయించాలా అని చాలాసేపు ఆలోచించారు. కేసు అక్కడితో అయిపోయింది. బయట అధికారి, మీరెవరి తరఫున వచ్చారని నన్ను నిలదీశాడు. ఫైల్లో దాచుకున్న ఆ ఏటి కాలెండరులో ఆ శనివారం చూపించాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు.

ఆవిడ తప్పు రుజువు కాలేదు. కవరు బరువుగా ఉన్నట్టు ఆవిడకు తెలియలేదా అన్న ప్రశ్న మాత్రం నాకు ఇప్పటికీ తెగలేదు. పొలం కాగితాలతో అలవాటున్న చేయి అది.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం ఆవిడే మా ఇంటి గుమ్మంలో కనిపించింది, చేతిసంచీలో బంగినపల్లి పళ్ళతో. బదిలీ మీద మళ్ళీ ఇటు వచ్చానంది. కూర్చోమని, పళ్ళు ఎవరి తోటవని అడిగాను.

"బజార్లో కొన్నానండి. చీటీ తెమ్మంటారా?" అని నవ్వింది. ఫోను తీసి టీపాయి మీద పెట్టి, సంచీ నా వైపు జరిపింది.

నాకు పళ్ళు తీసుకోవాలని లేదు. నలుగురిలో వద్దనడానికి మా అమ్మ దగ్గర నేర్చుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఇప్పుడేం వద్దమ్మా" అని ఆగిపోయాను.

ఆవిడ సంచీ వెనక్కి తీసుకోలేదు. "మిగతాది కూడా అనండి మేడం. ఇక్కడ ఎవరూ రికార్డు చెయ్యట్లేదు."

నేను టీపాయి వైపు చూశాను. ఫోను బోర్లా పెట్టి ఉంది. సంచీ ఆవిడ చేతికే ఇచ్చి, గేటు దాకా వెళ్ళి సాగనంపాను. ఆ మాట మాత్రం అనలేదు.