బ్లోయరు ఆగినా ఆగని గీత

మొన్న మా మనవరాలు కొత్త ల్యాప్‌టాప్‌లో ఏదో శబ్దాన్ని విడదీయబోతే, అది పని మొదలెట్టకుండా కాసేపు ఊరకే ఉండిపోయింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. పని తెలిసినవాడు అడగ్గానే చెయ్యాలిగాని, తలుపేసుకుని లోపలేం చేస్తున్నట్టు? "కొలుచుకుంటోంది తాతయ్యా" అంది తలెత్తకుండానే.

ఆ కొలుచుకోవడం నాకు కొత్త కాదు. సింధనూరు రైసుమిల్లుల్లో యంత్రాల హోరు పట్టి, అందులో ఏ కంపనం ఎంతుందో విడగొట్టి, బేరింగు అరిగిందో లేదో చెప్పడం ఒకప్పుడు నా పని. అలా విడగొట్టే లెక్కను ఫోరియర్ లెక్క అంటారు, దాన్ని నేనే కనిపెట్టానన్నంతగా చెప్పుకునేవాణ్ణి. నిజానికది మా బావమరిది తెచ్చిన సాఫ్ట్‌వేరు లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. అంకెలను రెండేసి భాగాలుగా విడగొట్టినా, ఎనిమిదేసిగా విడగొట్టినా జవాబు ఒకటే, పట్టే సమయమే వేరు, అదీ కంప్యూటరును బట్టి మారుతుంది. అందుకని ఆ లైబ్రరీ ముందుగా ఆ కంప్యూటరు మీదే నాలుగైదు పద్ధతులు నడిపి చూసి, గెలిచినదాన్ని ఒక ఫైల్లో రాసుకుంటుంది; ఆ ఫైలుంటే మళ్ళీ కొలవదు.

రాయచూరు బజారు నుంచి వచ్చి మిల్లు పెట్టిన ఒకాయన, ఊకను ఎగదోసే బ్లోయరు తిరుగుతుండగానే దాని కంపనాలు తెరమీద చూపిస్తే ఏడాది పని మాకే ఇస్తానన్నాడు. మా కంప్యూటర్లో ముందే గీసి తెచ్చామేమోనని ఆయనకూ అనుమానమే, అందుకని తన ఆఫీసు కంప్యూటరు మీదే చూపించమన్నాడు. ఆయన ముందు అది కొలుచుకుంటూ కూర్చుంటే నా పరువేం కాను అని, మా ఇంటి కంప్యూటరు రాసుకున్న ఫైలును ఫ్లాపీలో తెచ్చి, బావమరిదికైనా చెప్పకుండా ఆయన కంప్యూటర్లో పెట్టేశాను.

తెరమీద కంపనాల గీత ఎగిరింది, అందరూ మెచ్చుకున్నారు. బ్లోయరు ఆపారు. గీత ఆగలేదు.

"గిదేంది సార్, బ్లోయరు బంద్ జేసినం, మీ గీత ఇంకా దుంకుతనే ఉంది! దానికి ఖబర్ అందలేదా?" అన్నాడు యజమాని.

నిమిషంసేపు ఎగిరిందని ఏళ్ళతరబడి చెప్పానుగాని, నాలుగు క్షణాలకు మించదు. బావమరిది వేరే దుకాణం పెట్టే ఆలోచనలో ఉన్నాడని నాకు అప్పటికే లోలోపల అనుమానం. "ఇందులో నువ్వే ఏదో కెలికావు" అని అందరి ముందూ అనేశాను. అతను కూర్చుని వెతికి, ఆ ఫైలును చూశాడు, నన్ను చూశాడు, చెరిపేశాడు. "ఇది మనింటి కంప్యూటరు కాదు బావా, అక్కడ గెలిచిన పద్ధతి దీనిమీద నెమ్మది, అందుకే గీత వెనకబడింది. దీని సంగతి దీన్నే అడగాలి" అన్నాడు, నాకు మాత్రమే వినపడేట్టు. అది కొలుచుకున్నాక బ్లోయరుతోపాటే గీతా ఆగింది.

పని మాకే వచ్చింది. సరిచేసింది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. అతను మళ్ళీ నాతో ఏ మిల్లుకూ రాలేదు, సిరవారలో వేరే దుకాణం పెట్టుకున్నాడు. నా అనుమానమే నిజమైందని అప్పట్లో సంబరపడ్డాను కూడా.

టీ తాగి వచ్చేంతసేపు పట్టే ఆ కొలత ఇప్పుడు మనవరాలి ఒళ్ళో క్షణాల్లో అయిపోతోంది. సిరవార బస్సు మా వీధి చివరే ఆగుతుంది. వెళ్తే బావమరిది లోపలికి రమ్మంటాడో లేదో అని ఒక అనుమానం. అది మాత్రం ఇంతవరకూ కొలిచి చూసుకోలేదు.